విలన్ కాళ్ళు చూసిన మేష్టారు

మా డ్యాన్సు మేష్టారు మద్రాసులో ఉన్నది పదేళ్ళ పైమాటే. అయినా ఆయన మొహాన్ని తెరమీద పోల్చుకున్నవాళ్ళు మా అమలాపురం చుట్టుపక్కల ఒక్కరూ లేరు. అరవైల్లో కోడంబాకంలో గ్రూప్ డ్యాన్సరుగా చేశారాయన. హీరోయిన్ వెనకాల మూడు వరసలుంటే మూడో వరసలో, కుడిచేతి వైపు చివర. "ఆ స్తంభం పక్కన ఓ చెయ్యి ఇలా లేస్తాది చూడమ్మాయ్, అది నాదే" అనేవారు. ఆ సినిమా మళ్ళీ టూరింగు టాకీసుకి వస్తే పిల్లలందరం నేలక్లాసులో కూచుని ఆ చెయ్యి కోసం వెతికేవాళ్ళం. స్తంభం కనపడేది. చెయ్యి లేచేలోపల షాటు మారిపోయేది.

ఆయనకి దాని మీద బెంగేం లేదు. వెంపటి పెదసత్యం గారు, పసుమర్తి కృష్ణమూర్తి గారు లాంటివాళ్ళు డ్యాన్స్ డైరెక్టర్లుగా వెలుగుతున్న రోజులవి. వాళ్ళ రిహార్సల్ హాళ్ళలో ఓ మూల నిలబడి చెమటోడ్చానన్నదే ఆయనకి డిగ్రీ పట్టా. ఎల్. విజయలక్ష్మి గారి పేరెత్తితే మాత్రం లేచి నిలబడేంత పనిచేసేవారు. 1963లో వచ్చిన నర్తనశాలలో ఉత్తర ఆవిడే. "ఆవిడ చుట్టు తిరిగితే లైటుబాయిలు కూడా పని మర్చిపోయేవోరు" అని చెప్పేవారు. అంత పేరున్న మనిషి పెళ్ళయ్యాక సినిమాలు వదిలేసి, అమెరికా చేరి, అకౌంట్ల చదువు చదువుకుని ఉద్యోగం చేసుకున్నారని తర్వాతెప్పుడో పత్రికలో చదివి వినిపిస్తే, "మంచి పని చేశారు. మోకాళ్ళకి పింఛనుండదు గదా" అన్నారు.

సినిమా మీద ఆయనకున్న ఫిర్యాదు ఒక్కటే. కెమెరా కాళ్ళు కోసేస్తుందని. "స్టేజీ మీద ఆట కిందనించి పైకి పుడతాది. సినిమావోడు నడుం దగ్గర కోసేసి పైముక్క పట్టుకెళ్ళిపోతాడు" అనేవారు. దశావతార శబ్దం పడితే స్టేజీ మీద మత్స్యావతారం నించి కల్కి దాకా ఊపిరి తిప్పుకోకుండా వెళ్ళాల్సిందే. స్టూడియోలో అలా కాదు. పాట ముందే రికార్డయి ఉంటుంది, దాంట్లో నాలుగు తాళాల ముక్క వినిపిస్తారు, అది చేస్తారు, కట్ అంటారు. లైట్లు మార్చి గంట తర్వాత ఇంకో నాలుగు తాళాలు. గంట కిందట ఒంట్లో ఉన్న ఊపు మళ్ళీ ఎక్కణ్ణించి తెచ్చుకోవాలి? అది తెచ్చుకోగలిగినవాళ్ళు మొదటి వరసలోకి వెళ్ళారు, తెచ్చుకోలేనివాళ్ళు అమలాపురం వచ్చేశారు. ఇదీ ఆయన లెక్కే, నాది కాదు.

ఈ మేష్టారికీ, మా పెదనాన్నకీ స్నేహం ఎలా కుదిరిందో చెప్పాలి. పెదనాన్న హైస్కూల్లో సోషలు పంతులు. ఇంటికి కమ్యూనిస్టుల విశాలాంధ్ర పేపరు, రష్యా వాళ్ళ సోవియట్ భూమి పత్రిక వచ్చేవి. ఆ పత్రిక కాగితం నున్నగా, మందంగా ఉండేది. మా స్కూలు పిల్లలందరి పుస్తకాలకీ అవే అట్టలు. ట్రాక్టర్ల బొమ్మలూ ఉక్కు కొలుముల బొమ్మలూ అట్టలకి పోయేవి గానీ, మాస్కో బొల్షోయ్ థియేటరు వాళ్ళ బ్యాలే నాట్యం బొమ్మలు వచ్చిన సంచిక మాత్రం మేష్టారు ముందే వచ్చి పట్టుకెళ్ళిపోయేవారు. మాయా ప్లిసెత్స్కయా హంస వేషంలో చేతులు రెక్కల్లా చాపి ఉన్న ఫొటో ఆయన క్లాసు గదిలో, నటరాజు పటం పక్కనే, మేకుకి గుచ్చి ఉండేది. ఆ పేరు ఆయనకి నోరు తిరిగేది కాదు. "మాయమ్మ" అనేవారు.

ఆ ఫొటోల్ని ఆయన చూసే తీరు వేరు. మేం మొహం చూస్తాం, బట్టలు చూస్తాం. ఆయన ముందు మడమ చూసేవారు, ఆ పైన మోకాలు, ఆ పైన తుంటి. "చూడు, పాదం పక్కకి తిరిగిందంటే పాదం తిప్పలేదీళ్ళు. తొడ మొదట్లోంచి తిప్పేరు. మన అరమండి కూడా అంతే, మీరే ఎవళ్ళూ తిప్పి చావరు" అని మమ్మల్ని తిట్టడానికి వాడుకునేవారు. మనం ఆ తెరుచుకున్న మోకాళ్ళతో నేలకి ఒదిగి కూచుంటాం, వాళ్ళు అవే మోకాళ్ళతో పైకి లేచిపోతారు, తేడా అంతేనని ఆయన సిద్ధాంతం. ఆడపిల్లలు బొటనవేళ్ళ మీద నిలబడే జోళ్ళ కొసన గుడ్డనీ జిగురునీ పొరలు పొరలుగా అద్ది గట్టిపరుస్తారని పెదనాన్న ఎక్కడో చదివి చెబితే, ఆ రోజు క్లాసు మానేసి అదే ఆలోచించారు.

మద్రాసులో ఉండి వచ్చిన మనిషి కాబట్టి బ్యాలే ఆయనకి మరీ పరాయిది కాదు. భరతనాట్యానికి పేరు తెచ్చిన రుక్మిణీదేవి గారు మొదట నేర్చుకున్నది బ్యాలేనే. రష్యా నర్తకి అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర. మీ దేశంలో ఉన్నదాన్ని చూసుకోమని ఆ పావ్లోవాయే చెబితే భరతనాట్యం వైపు తిరిగారావిడ. 1936లో కళాక్షేత్రం అనే నాట్యం బడి పెట్టారు. నర్తకుడు ఉదయశంకర్ 1923లో లండన్‌లో అదే పావ్లోవాతో కలిసి రాధాకృష్ణుల ఆట ఆడారు. తర్వాత మద్రాసొచ్చి జెమినీ స్టూడియోలో 'కల్పన' సినిమా తీశారు. అది 1948లో విడుదలైంది. "ఆ రష్యా ఆవిడ లేకపోతే ఇక్కడ సగం మందిమి లేం" అని మేష్టారు అంటే, పెదనాన్న మీసం దువ్వుకునేవాడు. పావ్లోవా విప్లవానికి ముందే రష్యా వదిలి వెళ్ళిన మనిషన్న సంగతి ఆయనకి తెలిసినా, ఆ ఒక్కచోట నోరు మెదిపేవాడు కాదు.

పెదనాన్న గొప్పగా చెప్పుకునేది ఒకటుంది. ఆ దేశంలో పిల్లల్ని పదేళ్ళ వయసుకే నాట్యం బడిలో చేర్చుకుని, ఎనిమిది తొమ్మిదేళ్ళు సర్కారు ఖర్చు మీద నేర్పిస్తారని. చదువూ అక్కడే, తిండీ అక్కడే. "మన మేష్టారు అక్కడ పుట్టుంటేనా!" అనేవాడు. మేష్టారు నవ్వి ఊరుకునేవారు. దసరాకి పందిట్లో మా చేత ఆడించినందుకు కమిటీ వాళ్ళు ఇస్తామన్న డబ్బులో సగం సంక్రాంతికి గానీ చేతికొచ్చేది కాదు మరి.

1979 ఆగస్టులో ఒక వార్త వచ్చింది. బొల్షోయ్ బృందం అమెరికా పర్యటనలో ఉండగా అలెగ్జాండర్ గొదునోవ్ అనే నర్తకుడు న్యూయార్క్‌లో తప్పుకుని, అక్కడే ఉండిపోతానన్నాడు. ఆయన భార్య ల్యుద్మీలా వ్లాసొవా కూడా ఆ బృందంలోనే నర్తకి. ఆవిణ్ణి మాస్కో విమానం ఎక్కించేశారు. ఆవిడ తన ఇష్టంతోనే వెళుతోందా, బలవంతాన తీసుకెళుతున్నారా తేలేదాకా విమానం కదలడానికి వీల్లేదని అమెరికా వాళ్ళు కెనడీ విమానాశ్రయంలో మూడు రోజులు ఆపేశారు. అటు బ్రెజ్నేవ్, ఇటు కార్టర్ దాకా వెళ్ళింది వ్యవహారం. చివరికి, నేను నా ఇష్టంతోనే వెళుతున్నానని ఆవిడ చెప్పింది, విమానం ఎగిరింది. ఆ మొగుడూపెళ్ళాలు మళ్ళీ కలిసి బతకలేదు. 1982లో విడాకులయ్యాయి.

నాకప్పటికి ఇందులో సగం అర్థమయ్యే వయసు కాదు. పెదనాన్న ఆ నాలుగు రోజులూ పేపరు చదివి మడిచి తలకింద పెట్టుకునేవాడు, మాకు చదవడానికి ఇచ్చేవాడు కాదు. అది మాత్రం బాగా గుర్తు. పెద్దమ్మ "ఆ పిల్ల మొగుడి దగ్గరికి వెళ్ళనందా, వెళ్ళనివ్వలేదా?" అని అడిగితే, "వంట చూసుకో" అన్నాడు. మా పెద్దమ్మ అడిగినదే అమెరికా ప్రభుత్వమూ అడుగుతోందని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

ఇక 1991 వేసవి. మా పెద్దన్నయ్య పెళ్ళి. అప్పట్లో మా వైపు పెళ్ళిళ్ళలో షామియానాతో పాటు టీవీ, వీసీఆరు కూడా అద్దెకి తెచ్చేవారు. రాత్రంతా సినిమాలే. తెలిసిన వరసే: ముందు అందరికీ పనికొచ్చే పౌరాణికమో సాంఘికమో, ఆడవాళ్ళు నిద్రకి జోగుతుంటే చిరంజీవి సినిమా, అందరూ పడుకున్నాక కుర్రాళ్ళ కోసం ఒక ఇంగ్లీషు ఫైటింగు సినిమా. కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా బాబాయి కొడుకు, ముక్తేశ్వరం రేవు దాటొస్తూ, సంచీలో జాగ్రత్తగా తెచ్చిన క్యాసెట్ 'డై హార్డ్'. అది 1988లో వచ్చిన సినిమా, మా ఊరికి అప్పుడే చేరింది. మాటలు ఎవరికీ అర్థం కావు. అర్థం కావాల్సిన అవసరమూ లేదు. పెద్ద బిల్డింగు, దొంగలు, చెప్పుల్లేకుండా పరిగెత్తే పోలీసాయన.

తెల్లవారుజామున ముహూర్తం కాబట్టి మేష్టారు పడుకోలేదు. అరుగు చివర కుర్చీలో కూచుని, వక్కపలుకు నములుతూ, చూసీ చూడనట్టు చూస్తున్నారు. మొదట్లో ఇద్దరు దొంగలు బిల్డింగు లాబీలోకి నడిచొస్తారు. ఒకడు కబుర్లు చెబుతుంటాడు, రెండోవాడు పొడుగాటి బంగారు రంగు జుట్టువాడు, కాపలావాణ్ణి కాల్చేస్తాడు.

"ఆగాగు. ఎనక్కి తిప్పు" అన్నారు మేష్టారు.

"ఏమైంది మేష్టారూ?"

"ఆ జుట్టోడు నడిచొస్తాడు సూడు, అది మళ్ళీ పెట్టు." తిప్పి పెట్టాడు తమ్ముడు. మేష్టారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. "ఈడు మనోడే."

"మనోడేంటండీ, తెల్లోడు గదా" అని అరుగంతా నవ్వులు.

"కులం కాదొరేయ్, వృత్తి. ఈడు ఆటగాడు. చిన్నప్పణ్ణించీ సాధకం చేసినోడు. ఆ పాదాలు సూడండి, పక్కలకి తెరుచుకుని పడతన్నాయి. పైన భుజాలు కదుల్తున్నాయా? మనం నడిస్తే మన తల ముందెళ్ళిపోతాది, ఈడి తల ఈడి నడుం మీదే ఉంది."

ఆ తర్వాత సినిమా సినిమాగా చూడనివ్వలేదు మమ్మల్ని. ఆ విలన్‌కి సినిమాలో కార్ల్ అని పేరు. తన తమ్ముణ్ణి పోలీసాయన చంపేశాడని తెలిసి వాడు రెచ్చిపోయి వస్తువులన్నీ తలకిందులు చేసే చోట మేష్టారు "చూడండి, కోపం ఎక్కడ మొదలైందీ? మొహంలో కాదు, వీపులో" అన్నారు. చివర్న హీరోతో కొట్లాటలో కాలెత్తి తన్నితే, "ఆ కాలు ఎంత ఎత్తు లేచిందని కాదు, రెండోకాలు కదల్లేదు, అదీ పని" అన్నారు. గొలుసుకి ఉరేసి వేలాడదీశాక చచ్చాడనుకున్నవాడు ఆఖర్లో తుపాకీ పట్టుకుని లేచొస్తే, కుర్రాళ్ళంతా ఈలలేశారు. మేష్టారు ఒక్కరే తృప్తిగా తల ఊపారు, తన శిష్యుడు స్టేజీ మీదికి రెండోసారి వచ్చినట్టు.

సినిమా అయిపోయింది. తమ్ముడు పందెం కాసినవాడిలా పేర్లు వచ్చే చోట క్యాసెట్ ఆపి కూడబలుక్కుని చదివాడు. "కార్ల్... అలెగ్జాండర్ గొడునోవ్."

పడక్కుర్చీలో ఎప్పుడో నిద్రపోయాడనుకున్న పెదనాన్న కళ్ళు తెరవకుండానే అడిగాడు. "ఎవరూ? మళ్ళీ చదువు."

చదివాడు.

"ఆ విమానం తాలూకు మనిషి" అన్నాడు పెదనాన్న. "బొల్షోయ్ వాడే."

అరుగు మీద ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మేష్టారికి మాత్రం అర్థమైంది. వక్కపలుకు ఉమ్మేసి వచ్చి పెదనాన్న పక్కన కూచున్నారు. సన్నాయి వాళ్ళు శ్రుతి చూసుకుంటున్నారు, లోపల పెళ్ళికొడుక్కి తలంటు హడావుడి. వీళ్ళిద్దరూ ఆ చీకట్లో వాదనేసుకున్నారు.

"చిన్నప్పణ్ణించీ తిండి పెట్టి, గురువుల్ని పెట్టి, జోళ్ళు కుట్టించి మరీ నేర్పించింది మేష్టారూ ఆ దేశం. చివరికి ఏం చేశాడు? దొంగ వేషం వేస్తున్నాడు, చూశారుగా."

"దొంగేషమైనా మొదటి వరసలో ఏసాడు గదండి."

"అది కాదు. అంత విద్య పెట్టి..."

"పంతులుగారూ, ఆడికి అన్నీ పెట్టారు, ఆడు ఎల్లిపోయేడు. నాకు మద్రాసులో ఇడ్లీ కూడా ఎవడూ పెట్టలేదు, నేను తిరిగొచ్చేశాను. ఇందులో రూలేటంటారు?"

పెదనాన్న దగ్గర దానికి జవాబు లేదు. మేష్టారు కూడా జవాబు కోసం అడగలేదు. ఆ ఏడు డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయింది, పత్రిక రావడం ఆగిపోయింది. అటకమీది పాత సంచికలు 1996 నవంబరు తుపానులో, కొబ్బరిచెట్లతో పాటే, పోయాయి. గోడమీది మాయమ్మ ఫొటో కూడా అందులోనే.

నేను పెళ్ళయి హైదరాబాదు వచ్చాక, ఇంటర్నెట్టు చేతికొచ్చాక, ఈ గొదునోవ్ గురించి దొరికినదల్లా చదివాను. పసిఫిక్ సముద్రం పక్కన సఖాలిన్ దీవిలో 1949లో పుట్టాడు. రీగాలో బ్యాలే బడిలో చేరితే అక్కడ సహాధ్యాయి మిఖాయిల్ బారిష్నికోవ్. వీడు ఆరడుగుల పైచిలుకు, వాడు పొట్టి. ఒకే బల్ల మీద కూచున్నవాళ్ళిద్దరూ ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. గొదునోవ్ 1971లో బొల్షోయ్‌లో చేరి, 1973లో మాస్కో అంతర్జాతీయ పోటీలో బంగారు పతకం గెలిచాడు. మేష్టారి మాయమ్మ, అదే ప్లిసెత్స్కయా, తన భర్త ష్చెద్రిన్ సంగీతంతో అన్నా కరేనినా కథని బ్యాలేగా తీర్చినప్పుడు, దాన్ని సినిమాగా తీస్తే, అందులో ఆవిడ పక్కన వ్రోన్‌స్కీ వేషం వేసింది ఈయనే. అంటే మా క్లాసు గోడమీద ఉన్నావిడా, మా అరుగు మీది టీవీలో తుపాకీ పేల్చినవాడూ ఒకే స్టేజీ మీద ఆడిన జంట. ఇది తెలిసిన రోజున నేను అమలాపురం ఫోను చేస్తే మేష్టారు చాలాసేపు "అదీ! అదీ!" అంటూనే ఉన్నారు.

పారిపోవడానికి ముందే ఆయన సోవియట్ టీవీ సినిమాలో వేశాడు. ఆయన వెళ్ళిపోయాక ఆ సినిమాని అక్కడ కొన్నేళ్ళు చూపించలేదు. అమెరికాలో మొదట చేరింది అమెరికన్ బ్యాలే థియేటరులో. 1980లో దానికి అధిపతిగా వచ్చినవాడు ఆ పాత సహాధ్యాయి బారిష్నికోవే. 1982లో ఈయన కాంట్రాక్టు మళ్ళీ రాయలేదు, స్నేహమూ చెడింది. ఒకరు సంస్థకి పెద్దయ్యాక రెండోవాడు ఆ సంస్థలో మునుపటిలా ఆడ్డం ఎంత కష్టమో మా కోనసీమ నాటక సమాజాల్లో చూసినదే, దానికి న్యూయార్కే అక్కర్లేదు.

హాలీవుడ్ సినిమాల్లోకి బారిష్నికోవ్ ముందే వెళ్ళాడు. 1977లో 'ది టర్నింగ్ పాయింట్'లో వేస్తే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 1985లో 'వైట్ నైట్స్'. రెండింట్లోనూ ఆయన నర్తకుడే. డ్యాన్సరుకి డ్యాన్సరు వేషం, ఎవరైనా ఇచ్చేదే. గొదునోవ్ అలా కాదు. 1985లో 'విట్నెస్'లో రైతు, 1986లో 'ది మనీ పిట్'లో తలబిరుసు ఆర్కెస్ట్రా కండక్టరు, ఆ తర్వాత డై హార్డ్‌లో ఈ కార్ల్. ఒక్కదాంట్లోనూ అడుగు వెయ్యలేదు. ఆడ్డం తన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆస్తి అయినప్పుడు, దాన్ని దాచిపెట్టి వేరే దాంతో బేరానికి దిగడం నాకు మొండితనంగానే కనిపిస్తుంది. నాకు నచ్చిన మొండితనం. పాపం ఇంగ్లీషు మాటలో యాస పోదు కాబట్టి డైలాగులు తక్కువ. ఒళ్ళే మాట్లాడాలి. ఒళ్ళు దాచిందనుకున్నది మా మేష్టారు లాబీలో నాలుగడుగులకే పట్టేశారు.

మనవైపు లెక్క దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. రాజమండ్రి అమ్మాయి జయప్రద స్కూలు వార్షికోత్సవంలో డ్యాన్సు చేస్తే చూసినవాళ్ళు 1974లో 'భూమి కోసం'లో చిన్న డ్యాన్సు ఇచ్చారు. 1976లో 'సిరిసిరిమువ్వ'లో మాటల్లేని అమ్మాయి, మళ్ళీ నాట్యమే. 'శంకరాభరణం' మంజుభార్గవి గారికీ అదే. రంగంపేటలో పుట్టిన భానుప్రియ, మన పసలపూడి వంశీ గారి 'సితార'తో 1984లో వెలిగి, 1988లో 'స్వర్ణకమలం' చేశారు. అందులో ఆవిడ నాట్యమంటే ఇష్టంలేని కూచిపూడి గురువు కూతురు. అంత ఆట వచ్చిన మనిషి, రానట్టూ ఇష్టంలేనట్టూ ఆడాలి. మేష్టారు ఆ సినిమా అమలాపురంలో ఉన్నన్నాళ్ళూ శిష్యురాళ్ళని వంతులవారీగా తీసుకెళ్ళారు. "తప్పు ఆడ్డం చూసి నేర్చుకోండే, ఒప్పు ఆడ్డం నేను చెబుతా" అనేవారు. ఇప్పటి టీవీ పోటీల్లో జడ్జీలు చెప్పే మాటల్లో ఇంత పని ఉన్న మాట ఒక్కటీ నేను వినలేదు.

ఆయనకి పడనిది 'సాగర సంగమం'. అందరం నెత్తిన పెట్టుకున్నాం కదా, 1983లో. కమల్‌హాసన్ కుర్రతనంలో తంగప్పన్ మాస్టారి దగ్గర అసిస్టెంటుగా చేసిన మనిషి, ఆట తెలిసినవాడు. అది మేష్టారూ ఒప్పుకునేవారు. బావి గట్టు మీద తాగి ఆడే పాట మాత్రం తప్పని వాదన. "తాగినోడు బావి మీద ఆడితే తాళంలో ఉండడు, నీళ్ళలో ఉంటాడు." మద్రాసులో ఆయనతో పాటు మూడో వరసలో ఆడినవాళ్ళలో కొందరు అలాగే పోయారు, ఆ పేర్లు ఎప్పుడూ చెప్పలేదు.

అందుకని గొదునోవ్ ఎలా పోయాడో ఆయనకి చెప్పడానికి నేను చాలాకాలం వెనకాడాను. డై హార్డ్ తర్వాత ఆ స్థాయి వేషం మళ్ళీ రాలేదు. చిన్నా చితకా సినిమాలు కొన్ని చేశాడు. 1995 మే నెలలో హాలీవుడ్ పక్కన తన ఇంట్లో చనిపోయి కనపడ్డాడు. తాగుడు వల్ల ముదిరిన కాలేయం జబ్బు. నలభై అయిదేళ్ళు. చివరికి చెప్పాను. మేష్టారు, "ఆడినన్నాళ్ళూ ఒళ్ళు అడుగుతాది, చెమట పట్టించమని. మానేస్తే ఆ అడగడం మానదు" అన్నారు. ఆ మీద ఇంకేం అనలేదు, మా అబ్బాయి చదువు సంగతి అడిగారు.

2006 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు విట్నెస్ డీవీడీ పట్టుకెళ్ళాను. పెదనాన్న అప్పటికి లేడు. మేష్టారికి శుక్లాల ఆపరేషనయింది, కళ్ళు బాగానే ఉన్నాయి, మోకాళ్ళే లేవు. తమ్ముడి ల్యాప్‌టాప్ ముక్కాలి పీట మీద పెట్టి ముగ్గురం కూచున్నాం. అది ఆమిష్ అనే ఒక తెగ క్రైస్తవుల పల్లె కథ. కరెంటు వాడరు, సొంత కార్లు పెట్టుకోరు, చెయ్యెత్తి ఎవర్నీ కొట్టరు. హారిసన్ ఫోర్డ్ పట్నం పోలీసు, ఆ పల్లెలో తలదాచుకుంటాడు. గొదునోవ్ ఆ పల్లె రైతు డేనియల్. ఊరి వీధిలో కొందరు రౌడీలు వీళ్ళ బండ్లని ఆపి, ఎగతాళి చేసి, ఐస్‌క్రీమ్ తీసి ఈయన మొహానికి పూస్తారు. ఈయన కొట్టడు. కదలడు. కారుతున్న ఐస్‌క్రీమ్‌తో అలా ఉండిపోతాడు. కొట్టేది ఫోర్డే.

"ఫోర్డుగారిది సులువు. కొట్టేస్తే అయిపోయె" అన్నారు మేష్టారు. "ఈడు ఎలా ఊరుకున్నాడో చూడు. ఏమీ చెయ్యకుండా నిలబడ్డం నేర్పడానికి నాకు ఒక్కో పిల్లకి పదేళ్ళు పట్టేది."

తర్వాత ఊరంతా కలిసి ఒక్క రోజులో పెద్ద ధాన్యం కొట్టం నిలబెట్టే సన్నివేశం. దూలాలెత్తుతారు, మేకులు కొడతారు, మధ్యలో నిమ్మరసం తాగుతారు. మాటలు దాదాపు లేవు. మేష్టారు దాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పించుకున్నారు. ఆఖరికి పక్కనున్న కర్ర అందుకుని చెక్కమీద తాళం వెయ్యడం మొదలెట్టారు.

"ఇందరు కొడతన్నారా, ఎవడి దెబ్బ ఆడిదే. ఈడి సుత్తి ఒక్కటే సమం మీద పడతంది, విను."

తమ్ముడు ఉండబట్టలేక, "అది చెయ్యి చూసి చెప్పలేం మేష్టారూ, సౌండు తర్వాత విడిగా ఎక్కిస్తారు" అన్నాడు.

"నాకు చెప్తావేటిరా? నేను సినిమావోణ్ణి" అన్నారు మేష్టారు.